అంతా ఒక్కచోటే

“కాగితం ముక్కయినా లేదా ఇక్కడ?” మేనేజరు కేకేశాడు.

“పోయిన నెలే మీరు అన్నీ మిషన్లో వేయించి తురుము చేయించారు కద సార్. పెన్నులు కూడా వెనక్కిచ్చేశాం,” అంది సహాయకురాలు.

ఐటీ విభాగంలో తెరలన్నీ నల్లబడి అరగంటయింది. రిపేరుకని కరెంటు తీసి మళ్ళీ ఇచ్చారు గానీ సర్వరు లేవలేదు. దాన్ని లేపే కోడును ‘జ్ఞాన భాండారం’లో ఎక్కించడం అందరూ మరిచారు. ఎక్కించినా, ఆ భాండారం ఉన్నది ఆ సర్వరులోనే. ‘తెలిసినదంతా ఒక్కచోటే’ అని గోడ మీద రాయించింది మేనేజరే.

“మూడింటికి మళ్ళీ కరెంటు తీస్తారట. అప్పుడూ ఇదే గోలయితే రేపు మీ కుర్చీలో ఇంకొకరుంటారు,” అనేసి వెళ్ళాడు పైఅధికారి.

ఇక ఒకటే దిక్కు, పోయిన వారం రిటైరైన పెద్దాయన. సెల్‌ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో ఉండిపోతాయి కనక, మేనేజరు టేబుల్ ఫోన్లోనే ఆయన్ని పట్టుకున్నాడు.

“కోడా? నా పచ్చ నోటుబుక్కులో ఉండేది బాబూ. దాన్ని మీరు...”

“తురుము చేయించాను, తప్పే! గుర్తుందా లేదా చెప్పండి మహానుభావా!”

“ఎందుకుండదు? పద్నాలుగంకెలు. త్వరగా రాసుకోండి, యాత్రకని ఓడెక్కుతున్నాం. ఇక నెల దాకా నా ఫోను పలకదు.”

సహాయకురాలు బ్యాగు కలియబెట్టి కాటుక పెన్సిలు తీసింది. “దేని మీద రాయను సార్?”

మేనేజరు ఎడమ అరచెయ్యి చాపాడు.

అరచేతిలో చూసి ఒక్కొక్క అంకే నొక్కాడు. తెరలన్నీ ఒక్కసారి వెలిగాయి. గది చప్పట్లతో మారుమోగింది.

“మూడింటికి మళ్ళీ కావాలి కద సార్. ఎందుకైనా మంచిది, కాగితం తెప్పించి రాసుకుందాం.”

“మళ్ళీ కాగితమా? ఇంత జరిగినా బుద్ధి రాదేమమ్మా నీకు! భాండారం తెరిచి ఉంచు, నేను చెబుతుంటే అందులోనే ఎక్కిద్దువు గాని. ఒక్క నిమిషం, గట్టెక్కించిన దేవుడికి దండం పెట్టుకోనీ.”

చరచరా వెళ్ళి వచ్చాడు. బల్ల మీది చిన్న పటానికి కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. మనసు తేలికపడింది.

“ఆ, ఇక రాసుకో,” అంటూ అరచెయ్యి తెరిచాడు.

సబ్బు వాసన గుప్పుమంది.