ట్యాంకు వెనక చోటు

"హెబ్రోను వస్తే నేను రాను" అని ఫోన్లోనే తెగేసి చెప్పాడు పెంచలకృష్ణ.

"వాడు వస్తానన్నాడబ్బయా. నువ్వూ రా. సోమవారం ఈ కంప్యూటర్లన్నీ పాత సామాన్లవాడు ఎత్తుకపోతాడు. కడసారి ఒక్క ఆట ఆడుకోండి" అన్నాడు ఓబులేసు.

తోటపల్లి గూడూరు సెంటర్లో ఓబులేసు నెట్ సెంటరంటే ఒకప్పుడు కుర్రాళ్లకు రెండో ఇల్లు. ఎదురెదురుగా రెండు వరసల లావుపాటి కంప్యూటర్లు. తెర అడుగున తుపాకీ పట్టిన చెయ్యి ఒక్కటే కనిపించే గన్ గేమ్. ఈ వరస ఆ వరసను కాల్చాలి. ఆట మొదలైతే ట్యూబులైటు ఆపేసేవాళ్లు. ఓడిన వరస గెలిచిన వరసకు బజ్జీలు తినిపించాలి. ఇప్పటి సెల్‌ఫోన్ ఆటలు దాని కాలిగోటికి సరిరావని, రొయ్యల మేత కొట్లో కూర్చుని పెంచలకృష్ణ వచ్చిన రైతుకల్లా చెబుతాడు. చెప్పి చెప్పి ఒకచోట ఆగిపోతాడు. కావలి వాళ్లతో పోటీ దగ్గర.

ఆ ఆటలో నీళ్ల ట్యాంకు వెనక ఒక చోటుంది. చెక్కపెట్టె ఎక్కి, గొట్టం మీదికి దూకితే గానీ అందదు. అక్కడ నక్కితే మనకు అందరూ కనిపిస్తారు, మనం ఎవరికీ కనిపించం. దాన్ని కనిపెట్టింది పెంచలకృష్ణ, హెబ్రోను. మూడో మనిషికి చెప్పకూడదని చేతిలో చెయ్యేసుకున్నారు. పోటీ కోసం దాచిపెట్టుకున్నారు.

తీరా పోటీలో, ఎదురుగా కూర్చున్న కావలి కుర్రాడు ప్రతిసారీ నేరుగా ట్యాంకు దగ్గరికే వచ్చాడు. వెతుక్కుంటూ కాదు, పిలిస్తే వచ్చినట్టు వచ్చాడు. కాల్చాడు, పోయాడు. ఓడిపోయి పెంచలకృష్ణ బయటికొస్తే, హెబ్రోను అదే కుర్రాడికి బజ్జీలు అందిస్తూ నవ్వుతున్నాడు.

ఇంకేం కావాలి? పక్క కుర్చీలో కూర్చుని నమ్మించి గొంతు కోశాడని సెంటరంతా వినేలా అరిచాడు పెంచలకృష్ణ. నేను చెప్పలేదని హెబ్రోను ఎంత మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. ఆ తర్వాత హెబ్రోనును ఎవరూ తమ వరసలో కూర్చోనివ్వలేదు. ముఖం చెల్లక జువ్వలదిన్నె వెళ్లి, హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో కుదురుకున్నాడు.

పెంచలకృష్ణ కూడా మళ్లీ ఆ మెట్లెక్కలేదు. తన పెళ్లికి హెబ్రోనును పిలవలేదు. కూతురు పుట్టిందని తెలిసి వాడు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ప్రాణంలా చూసుకున్నవాడే అలా చేస్తే ఎవరికి మాత్రం కడుపు రగలదు? ఇరవై ఏళ్లుగా రగులుతూనే ఉంది. ఇంకెవర్నీ అంత దగ్గరికి రానివ్వలేదు.

రానన్నవాడు ఆదివారం మధ్యాహ్నం రానే వచ్చాడు.

పాత ఆటగాళ్లు నలుగురైదుగురు టీ గ్లాసులతో నిలబడి ఉన్నారు. కీబోర్డుల మీద అక్షరాలు అరిగిపోయాయి. గోడకు పెంచలకోన నరసింహస్వామి పటం, ఎండిపోయిన దండతో, మేకు నుంచి ముందుకు వాలి అలాగే ఉంది. దాని కింద, ఒకప్పటి పెంచలకృష్ణ కుర్చీలో, హెబ్రోను. జుట్టు నెరిసింది.

చూడగానే లేచాడు. "బాగుండావా క్రిష్ణా? నీ సీట్లో ఊరికే కూర్చోని చూసినా. రా, వచ్చి కూర్చో."

"ముందు నిజం చెప్పు. అందరి ముందరా చెప్పు. లేదంటే ఇట్నే ఎనక్కి పోతా."

టీ గ్లాసులవాళ్లు దగ్గరికి జరిగారు. హెబ్రోను తలవంచుకుని మౌసు వంక చూస్తూ నిలబడ్డాడు.

"చెప్తే నాతో మాట్లాడతావా?"

"మాట్లాడతా."

"అయితే నేనే చెప్పినా. తప్పయిపోయింది క్రిష్ణా. మనసులో పెట్టుకోబాక."

ఇన్నేళ్లూ ఈ మాట కోసమే కాచుకున్నాడు పెంచలకృష్ణ. తీరా విన్నాక మంట చల్లారలేదు, రెట్టింపయింది. ఎక్కడో ఒక మూల, వాడు చెప్పి ఉండడేమో అన్న ఆశ మిగిలి ఉండేది. అది కూడా పోయింది.

"ఆ సీట్లో నువ్వే కూర్చో. ఇయ్యాళ నిన్ను వదల్ను" అంటూ ఎదుటి వరసలోకి వెళ్లి, ఆనాడు కావలి కుర్రాడు కూర్చున్న కుర్చీలో కూలబడ్డాడు.

ఓబులేసు షట్టరు సగం దించి, ట్యూబులైటు ఆపాడు. తెరలు వెలిగాయి. పాత తుపాకుల మోత మళ్లీ మోగింది. పెంచలకృష్ణ గోదాము వెతికాడు, మెట్లు వెతికాడు, చెక్కపెట్టెల సందులన్నీ గాలించాడు. హెబ్రోను జాడ లేదు. ట్యాంకు దగ్గరికి మాత్రం పోలేదు. ఆ చోటును అమ్ముకున్నవాడు మళ్లీ అక్కడికే ఏ మొహం పెట్టుకుని పోతాడు?

వేసారిపోయి, కళ్లు నులుముకుని, తెర మీంచి తలెత్తాడు.

ఎదురుగా, ఆ పోటీనాటి పొద్దున గెలిపించమని మొక్కుకుని తన కుర్చీ వెనక తానే మేకు కొట్టి తగిలించిన స్వామి పటం అద్దంలో, హెబ్రోను తెరా, ఆ తెర మీద ట్యాంకు వెనక చోటూ చక్కగా కనిపిస్తున్నాయి.