ఒక్కటే రోయింగ్ మెషీన్

“ఇంకో మూడు లాగండి మేడమ్. వదలొద్దు.”

రోయింగ్ మెషీన్ మీద కూర్చుని పిడి లాగుతున్న హారికకి ఒళ్ళు మండింది.

ఎవరా అని చూస్తే పక్క బల్ల మీద ఒక లావుపాటి మనిషి. భుజాన తువ్వాలు వేసుకుని తన వంతు కోసం కాచుకుని ఉన్నాడు.

నేనెప్పుడు దిగుతానా అని లెక్కపెడుతున్నాడు కాబోలు, అనుకుంది.

ఒంగోల్లో ఆ జిమ్ము చిన్నది. ట్రెడ్‌మిల్లులు మూడున్నాయి గానీ రోయింగ్ మెషీన్ ఒక్కటే. పొద్దున పూట దానికి ఇద్దరే గిరాకీ. హారిక, ఆ లావాయన.

హారిక అక్కడికి సోకు కోసం రాలేదు పాపం. భర్త ప్రేమ్‌చంద్ గుంటూరులో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. తాగుడు లేదు, ఏమీ లేదు. ఎప్పుడో పట్టిన కామెర్లు లోపల్లోపలే లివర్‌ని తినేశాయి. ఇంట్లోవాళ్ళు ఎవరైనా తమ లివర్‌లో ముక్క ఇస్తే బతుకుతాడన్నారు.

నేనిస్తానంది హారిక. బ్లడ్ గ్రూపు కలిసింది. కానీ ఆమె లివర్‌కి కొవ్వు పట్టి ఉందట. నెలన్నరలో అది కరిగితేనే ఆపరేషన్ అన్నాడు డాక్టరు.

దారి చూపించింది జిమ్ము నడిపే మాలిక్. గంటసేపు ఆగకుండా నెమ్మదిగా లాగాలి. మధ్యమధ్యలో ఓ పదిసార్లు ప్రాణం పెట్టి లాగాలి. మళ్ళీ నెమ్మది, మళ్ళీ పది. ఆ గట్టి లాగుళ్ళ దగ్గరే అందరూ వదిలేస్తారు, అక్కడ వదలకపోతే ఒళ్ళు కరుగుతుందన్నాడు.

హారిక వదల్లేదు. అరచేతులు బొబ్బలెక్కి చితికితే గుడ్డ చుట్టుకుని లాగింది.

ఆమె కాకపోతే ప్రేమ్‌చంద్‌కి ఇంకెవరున్నారు గనక? అమ్మానాన్నా లేరు. పెంచి చదివించిన అన్న ఒకాయన ఉన్నాడు గానీ ఉన్నా లేనట్టే. పాస్టరు గారి అమ్మాయిని చేసుకుంటాడని ఆయన మాటిస్తే, తమ్ముడు వెళ్ళి హిందువుల పిల్లని చేసుకున్నాడు. ఆయన పెళ్ళికి రాలేదు. తర్వాతా వీళ్ళ గుమ్మం తొక్కలేదు. హారిక ఆయన మొహమే ఎరగదు.

రోజులు దగ్గరపడుతున్నకొద్దీ ఆమెకి గుబులు ఎక్కువైంది. ఒకరోజు తన గంట అయిపోయినా దిగలేదు.

లావాయన కాసేపు చూసి, దగ్గరికొచ్చాడు.

“కాస్త దిగుతారా మేడమ్? నా టైమైంది.”

“పొట్ట తగ్గాలంటే రోడ్డు మీద నడవొచ్చుగా. మీకిదే కావాలా?”

“నడవలేనండి. మార్టూరు గ్రానైట్ యూనిట్‌లో రాయి పడి పాదం నుజ్జయింది. కూర్చుని చేసేది ఇదొక్కటే.”

“నాది ప్రాణం మీదికొచ్చిన పనండీ.”

ఆయన ఏదో చెప్పబోయి ఆగాడు.

“నాదీ అంతేనమ్మా,” అన్నాడు.

హారికకి కోపంలోనూ నవ్వొచ్చింది. పొట్టేసుకుని ప్రాణం మీదికొచ్చిందట!

ఆ సాయంత్రం మాలిక్ దగ్గర కూర్చుని ఏడ్చింది. భర్త సంగతంతా చెప్పింది. పొద్దున పూట మెషీన్ తనొక్కదానికే వదలమనీ, ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పొద్దనీ బతిమాలింది. మాలిక్ మనసు మెత్తన. మర్నాడు లావాయనని పక్కకి పిలిచి, ఇకనుంచి మధ్యాహ్నం పూట రమ్మన్నాడు.

మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా ఆయనకి యూనిట్‌లో డ్యూటీ. ఆ మాట చెప్పుకున్నాడు గానీ గొడవపడలేదు. తువ్వాలు మడిచి సంచీలో పెట్టుకుని, కుంటుకుంటూ హారిక పక్కనుంచే వెళ్ళాడు.

“లాగండి మేడమ్. వదలొద్దు.”

ఆమె తల తిప్పలేదు. పీడా పోయిందనుకుంది.

గడువు నిండేసరికి హారిక లివర్‌లో కొవ్వంతా కరిగింది. ఆనందంతో ఆమెకి కాళ్ళు నేల మీద ఆనలేదు.

కానీ ఆఖరి స్కాన్ చూసి డాక్టరు కళ్ళజోడు తీసేశాడు. కొవ్వు కరిగాక చూస్తే ఆమె లివర్ చిన్నదట. అందులో ముక్క కోసినా ప్రేమ్‌చంద్ ఒంటికి చాలదట.

ఇంకెవరూ లేరా డాక్టరు గారూ అని అడిగింది హారిక, తనకి తెలియనట్టు.

“ఇంకొకాయన ముందుకొచ్చారమ్మా. రక్తసంబంధమే. భారీ మనిషి, సైజు సరిపోతుంది. ఖాయమయ్యేదాకా తన పేరు చెప్పొద్దన్నారు, తీరా కుదరకపోతే ఆశపెట్టి చంపినట్టవుతుందని. ఆయనక్కూడా కొవ్వే అడ్డం. సగందాకా బాగా తగ్గింది. తర్వాత ఏమైందో, ఆగిపోయింది. ఇంకో పదిహేను రోజులు టైముంటే చేసేవాళ్ళం.”

ప్రేమ్‌చంద్ దగ్గర ఆ పదిహేను రోజులు లేవు.

ఆ వారమే పోయాడు.

ఏడ్చి ఏడ్చి, కన్నీళ్ళు ఇంకిపోయాక హారికకి మిగిలింది కోపం. ఆ పేరు చెప్పని మనిషి బావగారే అయ్యుంటాడని ఆమెకి తెలుస్తూనే ఉంది. మొగుడి కోసం ఆడది చేతులు చితకగొట్టుకుంటే, సొంత తమ్ముడి కోసం ఇంకొన్నాళ్ళు ఒళ్ళు వంచలేకపోయాడా అని కసిదీరా తిట్టుకుంది. కనబడితే మొహం మీదే అడగాలనుకుంది.

సమాధుల తోటలో ప్రార్థన అయింది. పెట్టె గోతిలోకి దింపారు.

“పెంచిన అన్న ఏసుబాబు గారు ముందు మట్టి వేస్తారు,” అన్నాడు పాస్టరు.

అడగడానికి హారిక తలెత్తింది.

జనం పక్కకి జరిగారు. ఎర్రమట్టి తీసుకోవడానికి రెండు అరచేతులు ముందుకొచ్చాయి. వేళ్ళ మొదట్లో వరసగా కాయలు, అచ్చం ఆమె చేతులకున్నట్టే.

మట్టి పట్టుకుని కుంటుకుంటూ గోతి అంచుకి వచ్చింది, ఇంకో మూడు లాగండి మేడమ్ అన్న మనిషి.