తెచ్చినవాడి వంతు

పెళ్లికి గౌతమి ఒక్క షరతు పెట్టింది. ముందు తన్ను తాను కాపాడుకునే విద్య ఏదైనా నేర్చుకోవాలి. ఏది నేర్చుకోవాలో తానే ఎంచుకుంటుంది. అది మొదలయ్యాకే ముహూర్తం.

ఎవరూ కాదనలేదు. అక్క ప్రమోదిని పోయిన తీరు అలాంటిది. పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీలో పని చేసేది. ఒక సాయంత్రం ఆటో దిగి, జీడితోటలోంచి అడ్డదారిన వస్తూ ఇల్లు చేరలేదు. మర్నాడు తోట బావిలో తేలింది. ఆఖరి ఆటో దాటిపోతుందని చేతులైనా కడుక్కోకుండా పరుగెత్తిందట. గట్టు మీదికి తీసినప్పుడు వేళ్లకు జీడి నలుపు అలాగే ఉంది. కాలు జారిందన్నారు కొందరు. కాదన్నారు కొందరు.

అక్క కూర్చున్న పీట మీదే ఇప్పుడు గౌతమి కూర్చుని పిక్కలు కొడుతోంది. అదే దారిన ఇంటికి వస్తోంది. చీకటి పడితే రాలిన జీడాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు ఉంటుందని ఊళ్లో అంటారు.

"సేతులు సరిగా రుద్దుకోవే గుంటా," అంది పక్క పీట రత్నాలమ్మ, బూడిదా నూనే ముందుకు తోస్తూ. "మొన్న తొందర్లో జీడి సేతుల్తోనే మా మనవడి బుగ్గ గిల్లీసాను. పొక్కిపోయి మచ్చ కట్టింది. ఇంకా పోనేదు."

గౌతమి చాలాసేపు రుద్దుకుంది.

పెళ్లికొడుకు మేనత్త కొడుకు కామేశ్. పలాసలో బైకుల షోరూంలో పని. ముందు ప్రమోదినికి అనుకున్న సంబంధమే. ఆమె ఒప్పుకోలేదు. "సిన్నదానికి తోడుగా నేనుంటాను మావా," అని గౌతమి తండ్రి సింహాచలానికి ఇప్పుడు మాటిచ్చాడు. విద్య వెతకడానికి తన బండి మీద తనే తిప్పాడు.

మొదట పలాసలో కరాటే. తెల్ల బట్టల్లో పిల్లలు అరుస్తూ గాలిని గుద్దుతున్నారు. మాస్టారు బెల్టుల రంగులన్నీ వివరించాడు. గౌతమి ఒకటే అడిగింది.

"నన్ను తీసుకొచ్చినోల్లు ఏటి సెయ్యాలండి?"

"ఏముందమ్మా, ఒక సంతకం. తర్వాత ఆ కుర్చీలో కూర్చుని చూడొచ్చు."

గౌతమి బయటికి వచ్చేసింది. "ఇది కాదు బావా."

తర్వాత టెక్కలిలో టైక్వాండో. అక్కడా అదే అడిగింది. తీసుకొచ్చినవాళ్లు గేటు దగ్గర దింపేస్తే చాలన్నారు. అదీ కాదంది.

"సీర కొంటన్నావా, విద్య నేర్సుకుంటన్నావా?" నవ్వాడు కామేశ్. "నీకేటి గావాలో నాకర్థం కాటం నేదు."

"నువ్వు మాత్రం? ఇంత ఉక్కలో ఆ పొడుగు సేతుల సొక్కా ఏటి బావా? మడుసుకోవొచ్చు కదా."

"షోరూమోడు సోకుగా ఉండాల మరి." కామేశ్ మణికట్టు దగ్గర గుండీ సవరించుకున్నాడు.

తిరిగి వస్తుంటే తోట దగ్గర మునిమాపు అయింది. గాలి లేదు. అయినా ఆకులు కదిలాయి. గౌతమి అతని భుజం తట్టింది.

"ఆపు బావా. మా ప్రమోదినప్ప పిలిసినట్టుంది."

బండి ఒక్కసారి ఊగింది. కామేశ్ బావి వైపు తల తిప్పలేదు. "పిలిత్తే పలక్కూడదు," అన్నాడు. ఊరు వచ్చేదాకా వేగం తగ్గించలేదు. దిగాక చూస్తే వీపంతా తడిసి ఉంది.

"నీకూ బయమే," అంది గౌతమి.

"సచ్చినోల్లంటే ఎవడికి బయం ఉండదే?"

వజ్రపుకొత్తూరు అవతల, సముద్రం ఒడ్డున, కూర్మయ్య తాత కర్రసాము నేర్పుతాడని చెప్పింది రత్నాలమ్మే. ఆయన పద్ధతులన్నీ గౌతమి అడిగి తెలుసుకుంది. ఈసారి తండ్రిని కూడా రమ్మంది.

కొబ్బరిచెట్ల మధ్య ఎర్రమట్టి పోసి చదును చేసిన సాముగరిడీ. వేట లేని రోజు గనక నలుగురైదుగురు జాలర్లు కర్రలు తిప్పుతున్నారు. కూర్మయ్య వల అల్లుతూ తలెత్తాడు.

"ఆడపిల్లవి. కర్రెందుకే నీకు?"

"అడ్డొచ్చినోడి కోసం తాతా."

"కోపంతో వచ్చినోల్లకి నేను నేర్పను. కర్ర పట్టినోల్లకి ముందు ఓర్పుండాల."

"ఉంది తాతా." అందరికీ వినబడేలా అడిగింది. "నన్ను తెచ్చినోల్లు ఏటి సెయ్యాల?"

"తెచ్చినోడే నీకు సాచ్చి. సొక్కా ఇప్పి, సేతులకి ఈ మట్టి రాసుకుని, తొలి కర్ర ఆడే అందించాల. గుడ్డ కప్పుకుని గరిడీలోకి ఎవడూ రాకూడదు. మనిసి ఏటో మట్టికి తెలియాల."

"ఇదే నేర్సుకుంటాను," అంది గౌతమి.

కామేశ్ నవ్వు ఆగిపోయింది. "నేర్సుకునేది అది కదా తాతా. మద్దిన నేనెందుకు? మావ ఇప్పుతాడులే."

"ఊరూరా తిప్పింది నువ్వు. రేపు పెళ్లాడేది నువ్వు. నేనేటిరా?" అన్నాడు సింహాచలం. "సిగ్గేటిరా అల్లుడా, ఇప్పు."

"నాకు... ఒంట్లో బాగోనేదు మావా. ఇంకో రోజు వత్తాం."

"ఓలమ్మా, పెళ్లికొడుక్కి సిగ్గేసింది రోయ్!" జాలర్లు గొల్లుమన్నారు. ఇద్దరు సరదాగా చెరో చెయ్యీ పట్టుకున్నారు. మణికట్టు గుండీలు ఊడదీశారు. కామేశ్ గింజుకున్నాడు. వల లాగే చేతులు అవి, వదలలేదు.

అందించమని కూర్మయ్య కామేశ్ వైపు కర్ర చాపాడు. గౌతమి దాని వైపు చూడలేదు.

చొక్కా ఎర్రమట్టిలో పడింది: పొక్కి మానిన నల్లటి జీడి మచ్చలై, ప్రమోదిని నాలుగు వేళ్లూ కామేశ్ ముంజేతిని ఇంకా పట్టుకునే ఉన్నాయి.