బోర్డుకు వేసిన దండ

"సార్, గీ డిజిటల్ బోర్డు దానంతటదే గీతలు గీస్తాంది!" అంది సుహాసిని మేడం.

నల్లగొండలో శిక్షణ పొంది వచ్చి, ఆ బ్యాడ్జీ ఇంకా మెడలోంచి తీయకుండా, మా బడి టీచర్లకు ఆ బోర్డు వాడకం నేర్పుతున్నాను. గంభీరంగా తల పంకించాను.

"సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం మేడం. హైదరాబాద్‌కెల్లి మనిషి రావాలె."

ఆమె ఫ్యాను ఆపింది. గీతలూ ఆగాయి.

దసరా పూజకు బోర్డు మీద వేలాడదీసిన బంతిపూల దండ, ఇన్నాళ్లకు ఎండిపోయి, అప్పటిదాకా ఫ్యాను గాలికి ఊగుతూ, తెరను తాకిన చోటల్లా గీత గీసింది.

"ఇంకా తియ్యలేదా దీన్ని? ఎవరేసిన్రు?" గద్దించాను.

"మీరే సార్. పిల్లలు ముడితే ఖరాబైతదని రూముకు తాళం గూడ మీరే ఏసిన్రు."

తాళంచెవి నా జేబులోనే ఉంది.

"దసరా సంది దీని మీద రాసింది గా దండొక్కటే, సార్."