మైకు తీగ

ఆ తీగలు చూడగానే షాలేమ్‌రాజుకు ఒళ్లు మండిపోయింది.

"వీడి మొహానికి సీఎన్‌సీ మిషనొకటి!" అనుకున్నాడు.

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం పోయే రోడ్డు పక్కన రెండు గదుల రేకుల ఇల్లు. ముందు గదిలో మంచం ఉండాల్సిన చోట మిషన్ ఉంది. ఆ ఇంటాయన సంసోను సొంతంగా చేసుకున్నది. కంప్యూటర్ చెప్పినట్టు బల్ల అటూ ఇటూ జరుగుతుంది, పైనున్న కట్టర్ చెక్క మీద పూలూ లతలూ చెక్కుతుంది. అంటే, చెక్కాలి. పాత ఇనప సామాన్ల కొట్టంతా తెచ్చి ఇక్కడే బిగించినట్టుంది. దానికి మళ్లీ నీలం రంగు, పైన ఎర్రక్షరాలతో 'యెహోవా యీరే', అంటే దేవుడే చూసుకుంటాడని. వండలేనమ్మకు వగలెక్కువని ఊరికే అనలేదు.

నడుస్తుందో లేదో ముందు చూడాలి. నడవని మిషన్ ఎవడికి కావాలి? ఆన్ చేశాడు. బల్ల జానెడు జరిగింది. కట్టర్ గుర్రుమంది. అంతే, అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. లిమిట్ స్విచ్ తగిలిందంటూ తెర మీద ఎర్రగా వచ్చింది.

బల్ల హద్దు దాటిపోకుండా అంచున పెట్టే బుల్లి స్విచ్ అది. బల్ల వెళ్లి దానికి తగిలితే మిషన్ ఆగిపోవాలి. ఇక్కడ బల్ల నడిమధ్యలో ఉంది. తగలకుండానే తగిలిందంటోంది.

"చేసినోనికి తగ్గ మిషన్," అని మూతి విరిచాడు.

ఆ చప్పుడుకు పక్కింటి ఇన్నమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో చర్చికి పోలేని ముసలమ్మ.

"వచ్చినవా నాయనా? నిన్ననే వస్తనంటివట గద. సంసోను పొద్దుమూకేదాక నీ కోసమే చూసిండు."

"పనుండె," అన్నాడు తలెత్తకుండా.

"ఇయ్యాల మొదటి ఆదివారం. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేదాక చర్చిల నుంచి ఎవ్వరు కదలరు."

"ఎరుకే."

"ఏమైందట దానికి?"

"దానికేం గాలే. చేసినోనికే బుర్ర లేదు."

ఇన్నమ్మకు కోపం వచ్చింది. "గట్లనకు. రేపు పాల్వంచోళ్లు చూడవస్తున్నరు. నడిపి చూపెడితే తలుపులు చెక్కే పనంత ఈనికే ఇస్తరట. లేకుంటే దుబాయి పోవుడే. పాపకు ఇంక ఆర్నెల్లు నిండలే. పెండ్లాం ఫ్లోరెన్స్ ఒకటే ఏడుపు."

"పోనీ. దుబాయోళ్ల కర్మ," అన్నాడు షాలేమ్‌రాజు.

కట్టర్ ప్లగ్గు పీకి బల్లను నడిపాడు. బుద్ధిగా నడిచింది. స్విచ్‌ను వేలితో నొక్కాడు. టక్కున ఆగింది. స్విచ్‌లో దోషం లేదు. మళ్లీ కట్టర్ పెట్టాడు. మళ్లీ అదే అబద్ధం.

వంగి మిషన్ కిందికి చూశాడు. చూసి నెత్తి కొట్టుకున్నాడు. కట్టర్ మోటారుకు పోయే లావు తీగ, స్విచ్‌ల నుంచి వచ్చే సన్న తీగలు, అన్నీ ఒకే గొట్టంలో కట్టెలమోపులా కుక్కి ఉన్నాయి. మోటారు తిరిగితే ఆ గోలంతా సన్న తీగల్లోకి పాకుతుంది. కంప్యూటర్ పాపం స్విచ్ తగిలిందనుకుంటుంది. పెళ్లి బ్యాండు పక్కన నిలబడి గుసగుసలాడితే ఎవడికి వినపడుతుంది?

లోపం దొరికింది. అక్కడితో వదిలేసినా అడిగేవాడు లేడు. కానీ గోడ మీద చర్చి మైకు తీగ చుట్ట వేలాడుతూ కనిపించింది. షాలేమ్‌రాజుకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"చర్చిల మైకు సంసోనే పెడతడా అవ్వా?"

"అవ్, వాడే."

"మైకుల బర్రుమనకుండ లోపల జాలీ చుట్టిన తీగ వాడాలని ఎరుక. గదే ఈడ గూడ వాడాలని ఎరుక లేదు. మందు గోడకు తగిలేసుకొని రోగమని మూలుగుతుండు, దద్దమ్మ!"

పాత తీగలన్నీ పీకి అవతల పారేశాడు. మైకు తీగ కోసి, మోటారు తీగకు ఎడంగా మరో పక్కనుంచి తెచ్చాడు. జాలీని ఒక్క కొసన మాత్రం ఎర్తుకు కలిపాడు. స్విచ్‌లను కూడా తిప్పి కలిపాడు. రేపు ఎలుక తీగ కొరికినా మిషన్ ఆగిపోయేలా పెట్టి, కంప్యూటర్‌లోనూ ఆ ముక్క మార్చాడు. చేస్తున్నంతసేపూ సంసోనును తిడుతూనే ఉన్నాడు. హైదరాబాద్ ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లో ఇలా తీగలు కట్టినవాణ్ణి గేటు బయట నిలబెట్టేవాడు.

మిషన్ ఆన్ చేశాడు. కట్టర్ గుర్రుమంది. ఆగలేదు. టేకు చెక్క మీద లత ఒకటి మెలికలు తిరుగుతూ పాకింది. పొట్టు ఎగిరి మీసాల మీద పడింది. బల్లను కావాలని అంచుదాకా తోలాడు. స్విచ్ టక్కుమంది. మిషన్ బుద్ధిగా ఆగింది.

"స్తోత్రం తండ్రీ!" అంది ఇన్నమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "కూసో నాయనా, ఛాయ్ పెడత. సంసోను వచ్చి నీ కాళ్లు మొక్కుతడు."

"వాని మొక్కులు ఎవనికి గావాలె? ఆ తీగలు మళ్ల ముట్టద్దని చెప్పు. ముడితే చెయ్యి ఇరగ్గొడత."

"పేరన్న చెప్పిపో!"

చర్చిలో ఇంకా పాట సాగుతూనే ఉంది. పటకారు జేబులో పెట్టుకున్నాడు. ఆ నీలం రంగు వైపు మరోసారి చూసి, "థూ, రంగొకటి!" అని వెనక తలుపులోంచి బయటికి నడిచాడు.

సందు చివర ట్రాలీ ఆటో స్టార్ట్ చేసిపెట్టుకుని బెదురు చూపులు చూస్తున్న బామ్మర్ది, అతని వట్టి చేతులు, మీసాల మీది చెక్కపొట్టు చూసి, "దొంగతనానికని పోయి రిపేరు చేసొస్తివా బావా?" అన్నాడు.