రాని పావురాలాయన

పున్నమ్మకు ఒళ్లు మండిపోతోంది. మొగుడు కల్లంలో పడి రెండు గంటలైంది. పావురాలాయన జాడ లేదు.

పొద్దున మిరపకాయలు కలియబెడుతూ బుల్లయ్య కూలబడ్డాడు. మూతి వంకరపోయింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. ఆ చుట్టుపక్కల ఎవరికి పక్షవాతమొచ్చినా అద్దంకి దారిలో ఉండే పావురాలాయన్నే పిలుస్తారు. పావురాన్ని కోసి, వేడి నెత్తురుతో పడిపోయిన పక్క మర్దనా చేస్తాడు. ఏడాదిగా ఆయన ఎక్కడికీ రావడం లేదని ఎవరో అన్నా, పేరు వినడమే తప్ప ఆయన్నెప్పుడూ చూడని పున్నమ్మ వినలేదు. రసూల్‌బీ కొట్టునుంచి ఫోను చేయించింది. బయల్దేరాడని ఆయన పక్కింటివాళ్లు చెప్పారు. ఆయన వచ్చేదాకా కదిలించకూడదని బుల్లయ్యను కల్లంలోనే పట్టా మీద పడుకోబెట్టారు.

ఇంతలో ఓ ఆటో వచ్చి ఆగింది. ఎవరో నడివయసు మనిషి కుంటుకుంటూ దిగి, ఆసుపత్రికి పోకుండా ఏం చేస్తున్నారని అరిచాడు. పావురాలాయన కోసం చూస్తున్నామంది పున్నమ్మ. అంతే, ఆ మనిషి శివాలెత్తిపోయాడు.

"నెత్తురు పూస్తే చెయ్యి లేస్తుందా? ఇదిగో, నా చెయ్యి చూడు. నా కొడుకులూ రెండ్రోజులు అదే పూశారు. మూడోరోజు ఆసుపత్రికి పోతే, ఇంత ఆలస్యంగానా తెచ్చేదని డాక్టరు తిట్టాడు."

అడ్డమొచ్చిన పున్నమ్మను పక్కకి నెట్టి, ఎడంచెయ్యి బుల్లయ్య చంకకింద వేసి లేపాడు. ఆటోలో గుంటూరు ఆసుపత్రి దాకా ఆమె అతన్ని తిడుతూనే ఉంది.

బుల్లయ్య బతికాడు. ఆ మనిషి మాత్రం వదల్లేదు. పేరు బాలస్వామి అట. వారానికి మూడుసార్లు బస్సెక్కి వచ్చేవాడు. చేటలో ఎండుమిరపకాయలు పోసి, కుడిచేత్తో తొడిమలు తియ్యమనేవాడు. కాయ జారిపోతే "మళ్లీ" అని కసిరేవాడు. బుల్లయ్య ఏడ్చేవాడు, పున్నమ్మ పళ్లు కొరికేది. రసూల్‌బీ తమ్ముడికీ పక్షవాతమొస్తే వాళ్లింటికీ వెళ్లి అలాగే కసిరేవాడు.

నాలుగు నెలలకి ఓ తొడిమ పుటుక్కున ఊడింది. బుల్లయ్య కుడిచేతి వేళ్లమధ్యే ఉంది.

పున్నమ్మకు ఏడుపొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది, ఆ పావురాలాయన మీద. వాణ్ణి నమ్ముకుని ఇంకాసేపు కూర్చునుంటే తన మొగుడు దక్కేవాడా? రేపే పోయి వాడి ఇంటిముందు దుమ్మెత్తిపోస్తానంది.

"బయల్దేరానని చెప్పించి రానివాడు, వాడేం మనిషయ్యా?"

బాలస్వామి ఇంకో కాయ తీసి బుల్లయ్య ముందు పెట్టాడు.

"పిలవగానే వచ్చాను గదమ్మా, పావురం బదులు ఆటో తీసుకుని."