జూ లేని క్యూరేటర్

ఇంకో వారంలో ఝాన్సీ కువైట్‌లో అగ్రిమెంటు మీద సంతకం పెట్టాలి. పెడితే మరో రెండేళ్లు అక్కడే. పెట్టకుండా ఇంటికి రావాలంటే ఇక్కడ మొగుడికి నిలకడైన సంపాదన ఉండాలి. శ్యామ్ బాబుకి లేనిదల్లా అదే.

అమలాపురం గడియార స్తంభం దగ్గర నెట్ సెంటర్లో, మూల కంప్యూటరు అతనిది. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే 'డిజిటల్ ఆర్ట్ క్యూరేటర్' అంటాడు. రెండువేల ఆరులో అమలాపురంలో ఆ మాటకి అర్థం తెలిసినవాడు అతనొక్కడే. మిగతావాళ్లు క్యూరేటర్ అన్న మాట పేపర్లో, జూలో పులి ఈనినప్పుడు మాత్రమే చూశారు.

"ఎలుగుబంట్లు కులాసాయాండి?" అని నెట్ సెంటర్ గంగాధర్ రోజూ పలకరిస్తాడు. నవ్వించడానికే పాపం. శ్యామ్ బాబుకే నవ్వు రావడం మానేసింది.

పని మాత్రం మంచిదే. ఫ్లెక్సీలొచ్చి బోర్డులు రాసేవాళ్ల పొట్ట కొట్టాయి. సత్యానందం లాంటి ఆర్టిస్టులు పనిలేక ఇంట్లో అట్టల మీద బొమ్మలు వేసుకుంటున్నారు. శ్యామ్ బాబు వాటిలో మంచివి ఏరి, స్కాన్ చేసి, పక్కన నాలుగు మాటలు రాసి వెబ్‌సైటులో పెడతాడు. ఎవరైనా కొంటే బొమ్మ ఈమెయిల్లో వెళ్తుంది. డబ్బు ఆర్టిస్టుకి సగం, తనకి సగం.

కొనేవాళ్లేరీ?

రాజమండ్రి హోటళ్లకి వెళ్లి, హాల్లో టీవీ మీద నెలనెలా కొత్త బొమ్మలు చూపిస్తానన్నాడు. క్రికెట్ వస్తుంటే బొమ్మలెవడు చూస్తాడన్నారు. శుభలేఖల ప్రెస్సువాళ్లు సీడీ పుచ్చుకుని మళ్లీ మొహం చూపించలేదు. క్యాలెండర్లు వేయించేవాళ్లు దేవుళ్లున్నారా అని అడిగారు. చెప్పులరగడం తప్ప ఒరిగిందేమీ లేదు.

ఝాన్సీ రాజోలులో కాన్వెంటు టీచరుగా చేసేది. ఆయన నిలదొక్కుకునేదాకా అనుకుని, కువైట్‌లో ఒకరింట్లో పిల్లల్ని చూసుకోడానికి వెళ్లింది. శుక్రవారం సెలవు. ఆ రోజు ఫోన్ చేస్తుంది.

"అన్నం తిన్నావా?" అని అడుగుతాడు శ్యామ్ బాబు.

"ఆయ్."

"బాగా చూసుకుంటున్నారా?"

"ఆయ్. ఇక్కడ ఇంటావిడతో కూడా ఆయ్ అనేస్తున్నానండి. పిల్లలు నవ్వుతున్నారు. ఎంత ఆపుకున్నా నోట్లోంచి వచ్చేస్తంది."

మామూలుగా అయితే శ్యామ్ బాబు కూడా నవ్వేవాడు. ఒక శుక్రవారం నవ్వలేదు. "బోడసకుర్రు రేవులో పంటు ఎక్కేను ఝాన్సీ. నది మధ్యకొచ్చేసరికి దూకేద్దామనిపించింది" అన్నాడు.



"ప్రార్థన చేస్తున్నానండి. మీరు మాత్రం ఆపేయకండి" అంది ఝాన్సీ.

ఆవిడ ప్రార్థన ఫలించిందో ఏమో, తర్వాత వారమే మొదటి ఆర్డరు వచ్చింది. బొంబాయి నుంచి మిసెస్ పింటో అనే ఆవిడ. సత్యానందం వేసిన పంటు బొమ్మ కావాలని, అందులో నీళ్ల రంగు తనకెందుకు నచ్చిందో చక్కటి ఇంగ్లీషులో పేజీడు రాసింది. బొంబాయి బ్రాంచి మీదుగా డబ్బు ఖాతాలో పడింది. శ్యామ్ బాబు బ్యాంకు మెట్ల మీదే కూర్చుని ఏడ్చాడు.

అప్పట్నుంచి నెలకో బొమ్మ కొంటూనే ఉంది. కొబ్బరి దింపు, వరదలో లంక ఊరు, రేవులో గేదెలు. ఆవిడ తప్ప ఇంకో పురుగు కొన్నది లేదు.

నిన్న ఫోన్లో ఝాన్సీకి చెప్పాడు. "పింటో మేడమ్‌ని ఏడాది పాటు కొంటానని మాటివ్వమంటాను. ఇస్తే నువ్వు సంతకం పెట్టకు. వచ్చెయ్."





"ఆవిణ్ణి ఇబ్బంది పెట్టకండి." ఝాన్సీ ముక్కు చీదుకుంది. జలుబు చేసిందంది.

ఇవాళ అతను సిగ్గు విడిచి మెయిల్ రాశాడు. "మేడమ్, నా భార్య పరాయి దేశంలో ఉంది. ఇంకో ఏడాది కొంటానని మీరు మాటిస్తే ఇంటికి పిలిపించుకుంటాను. ఆవిడ లేకుండా నావల్ల కావడం లేదు. ఆమెకీ అక్కడ కావడం లేదు, పైకి చెప్పదంతే. మాటిస్తారా?"

పంపేసి, తెర వంక చూస్తూ కూర్చున్నాడు. గంగాధర్ ఎలుగుబంట్ల సంగతి ఎత్తలేదు. టీ తెప్పించి పక్కన పెట్టాడు. అది చల్లారిపోయింది.

జవాబు వచ్చింది. శ్యామ్ బాబు తెరిచాడు.

ఎప్పుడూ పేజీలకి పేజీలు రాసే బొంబాయి మిసెస్ పింటో, ఈసారి ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్క మాటే రాసింది: "ఆయ్."